బట్ట కత్తెర

ఆ కుట్టుకొట్లో కత్తిరింపు బల్ల పెద్దకోడలిది, మిషను చిన్నకోడలిది. బల్ల ఎవరిదైతే కొట్లో మాట వాళ్లదే. తన కత్తెరతో కాగితం ముక్క కోశాడని పెద్దకోడలు ఒకసారి కట్టుకున్న మొగుడితోనే మాటలు మానేసింది.

వాన తడికి కొట్టు మెట్ల మీద జారి, కుడి అరచేయి ఆనించి పడిందామె. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. చిన్నకోడలికి అంతకన్నా ఏం కావాలి?

"ఎముకకేం కాలేదట. ఒళ్లే వంగట్లేదు," అంది మిషను ఆపకుండా, అత్తగారికి వినబడేలా.

డాక్టరమ్మ మాత్రం బొటనవేలి మొదట్లో ఉన్న గుంటలో నొక్కి చూసింది. పెద్దకోడలు కెవ్వుమంది.

"ఇక్కడ జీడిపప్పంత ఎముక ఉంటుంది. విరిగినా మొదట్లో ఫొటోకి దొరక్కపోవచ్చు. దానికి నెత్తురందేదే తక్కువ. కదిలించావంటే అతుక్కోదు, కత్తెర మర్చిపోవాల్సిందే," అంటూ బొటనవేలితో సహా పిండికట్టు వేసింది.

మర్నాడే చిన్నకోడలు బల్ల మీద చేయి వేసింది.

"అక్కా, నువ్వు ఎడంచేత్తో గుండీలు ఏరుకో. నేను కోస్తాలే."

"నా బల్ల ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుతుంది."

"ఇప్పటికి విరిగింది ఎవరిదో?"

పెద్దకోడలికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. స్నానాలగదిలో తలుపేసుకుని, కట్టు తడిపి, ఎడంచేత్తో ఆ బట్ట కత్తెరే పట్టి, బొటనవేలి చుట్టూ ఉన్న పిండినంతా కొరికించేసింది. ఆ వేలితోనే వచ్చి బల్ల దగ్గర నిలబడింది. కళ్లు తిరుగుతున్నా పళ్లు బిగించి కోసింది. కత్తెర మాత్రం గుడ్డను కోయలేదు, నమిలింది.

చిన్నకోడలు కత్తెర లాక్కుని, రెండు రెక్కలూ కలిసే మర దగ్గర గోటితో గీకింది. తెల్లటి పొడి రాలింది.

"అత్తయ్యా, ఇలా రండి! కాగితం కోస్తేనే మొగుణ్ణి కరవబోయిన మనిషి, దీంతో ఏం కోసిందో చూడండి!"

అత్తగారు పొడినీ, బయటికొచ్చిన వేలినీ చూసింది.

"బల్ల దగ్గర్నుంచి తప్పుకో," అంది.

రెండో ఎక్స్‌రేలో విరుపు గీత గీసినట్టు కనిపించింది. ఎముక ముక్కలు విడిపోయాయి. డాక్టరమ్మ నోరారా తిట్టి, ఆపరేషన్ చేసి స్క్రూ బిగించింది. మళ్లీ కట్టు.

సానపట్టించిన కత్తెరతో చిన్నకోడలు ఖరీదైన కోటు గుడ్డ పరిచింది. పెద్దకోడలు ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"ఊరికే కూర్చోకపోతే కోత వంకరపోతుందేమో చూడొచ్చుగా అక్కా."

"చూస్తూనే ఉన్నా."

కోటు చంక దగ్గర కత్తెర సుద్దగీత దాటి లోపలికి దిగిపోతోంది. పెద్దకోడలు కళ్లార్పకుండా చూసింది. నోరు మాత్రం విప్పలేదు.