చిన్నమ్మగారూ, ఇటు

జలంత్రకోట కొబ్బరితోటల ఇసుకలో ఎండు కొబ్బరిడొక్కలు తన్నుతూ పెరిగిన హిమజకు, రెండువేల మూడులో టెక్కలిలోని ఒక డిగ్రీ కళాశాలలో చేరిన రెండవ వారమే మహిళల ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డు స్థానం దక్కినది. ఇసుకలో పరుగెత్తిన కాళ్లకు గట్టినేల ఒక లెక్కలోనిది కాదు. చిక్కు వచ్చినదల్లా నోటితోనే.

జట్టు కెప్టెన్ చందన జలంత్రకోట జగదీశ్వరరావుగారి కూతురు. ఆయన జీడితోటనే హిమజ తండ్రి పోలారావు కౌలుకు చేస్తున్నాడు. తనకంటె రెండేళ్లే పెద్దదైన ఆ పిల్ల, మాటలు వచ్చిన నాటినుండి హిమజకు 'చిన్నమ్మగారు'.

మైదానంలో బంతి కావలసినప్పుడల్లా హిమజ, "సిన్నమ్మగోరూ, ఇటియ్యండి" అనేది. ఆ మర్యాద పూర్తయ్యేసరికి బంతి ఎదుటివాళ్ల కాళ్ల మధ్య ఉండేది.

"పేరెట్టి కేకెయ్యవే అమ్మీ," అని వ్యాయామ శిక్షకుడు వైకుంఠరావు మైదానమంతా వినబడేటట్లు గద్దించినాడు. "నువ్వు దండమెట్టి లేసేతలికి బంతి గీత దాటిపోతంది. రేపు మ్యాచ్‌లోనూ ఇదే వరసయితే బయట కూకుంటావు."

బయట కూర్చోవడమన్న మాట హిమజకు నిప్పు తగిలినట్లయినది.

మరునాడు పలాస జట్టుతో పోటీ. రెండవ సగంలో రెండు మార్లు ఆమె గోలు ముందు ఒంటరిగా నిలిచి, రెండు మార్లూ అలవాటు చొప్పున "సిన్నమ్మగోరూ" అన్నది. చందన తల తిప్పలేదు. ఎదుటి గోల్‌కీపరు పకపకా నవ్వినది.

"ఓలమ్మీ, సిన్నమ్మగోరు బంతి పంపరే. పల్లకీ పంపుతారు, ఎక్కి రా."

మూడవ మారు హిమజ గొంతు చించుకొని అరిచినది.

"సందనా, ఇటు!"

తల ఆలోచించేలోపే చందన కాలు ఆ పిలుపు విన్నది. బంతి వచ్చినది, గోలు పడినది. ఆ ఒక్క గోలుతోనే గెలిచినారు. అయినా కెప్టెన్ ఆమె ముఖం చూడలేదు.

మూడవనాడు పోలారావు కళాశాల మైదానంలో జట్టు ముందు నిలబడి ఉన్నాడు. జగదీశ్వరరావుగారి ఇంటినుండి ఆయనకు కబురు వెళ్లినది. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకొన్నాడు.

"తప్పయిపోనాదని సెప్పీ, అమ్మా. తోట ఆళ్లది."

"బంతి కూడా ఆళ్లదేటి, నాన్నా?"

"ఒక ఆట గెలిచినంత మాత్రాన ఊళ్లో వరసలు మారవు," అన్నది చందన. "చిన్నమ్మగారూ, తప్పయింది, అను. లేకపోతే జెర్సీ ఇచ్చి పో."

హిమజ శిక్షకుని వైపు తిరిగినది. "మాస్టారూ, పేరెట్టి పిలమన్నది ఎవులు? సెప్పండి."

వైకుంఠరావు విజిలు తాడును వేలికి చుట్టుకొంటూ, "ఆట ఏరు, మర్యాద ఏరు కదమ్మా" అని గొణిగినాడు. చందన అహంకారం కంటె ఆ గొణుగుడే హిమజను ఎక్కువగా కాల్చినది. ఆజ్ఞాపించినప్పుడు మైదానం దద్దరిల్లిన గొంతు, సాక్ష్యం పలుకవలసి వచ్చేసరికి మూడడుగులు దాటలేదు.

చుడీదారు మీద తొడిగిన జెర్సీని విప్పి, కెప్టెన్ చేతిలో కుక్కినది.

"ఇదిగో, సందనా," అన్నది. ఈసారి కేక వేయలేదు.

తండ్రీ కూతురూ బస్టాండు చేరినారు. తువ్వాలు ఇంకా ఆయన చంకలోనే ఉన్నది. హిమజ దానిని లాగి ఆయన భుజం మీద విసురుగా వేసినది. ఊరివైపు పోయే సోంపేట బస్సులు రెండు వెళ్లిపోయినవి. అప్పుడు అడిగినాడు పోలారావు.

"ఇంతకీ, పేరెట్టి పిలిత్తే బంతొచ్చినాదేటి?"

"ఒచ్చినాది," అన్నది హిమజ పళ్లు బిగించి. "సందన కాలికి మరేదలు తెలీవు."