వంటవాడు హంతకుడు కాదు

2011 నాటి సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ మధ్య సందులో మా రెంటల్ లైబ్రరీ ఉండేది. డిపాజిట్ కట్టి నవల ఇంటికి తీసుకెళ్లడం, చదివి అద్దె ఇచ్చి వాపసు చేయడం, ఇదే మా వ్యాపారం. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. మాది గుడివాడ వైపు కావడంతో బంధువులు ఫోన్లు చేసి ఒకటే జాగ్రత్తలు. నాకు భయం కంటే విసుగే ఎక్కువ. బంద్ రోజునే జనానికి నవలలు కావాలి, ఆ రోజే షట్టరు సగం దించుకుని కూర్చోవాలి.

స్వరూప అప్పుడే వచ్చింది. మన్సూరాబాద్ అమ్మాయి, ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లో పని. చేతిలో దిండంత ఇంగ్లీషు నవల, ఏదో పెద్ద బహుమతి వచ్చినదట. తెరిచి చూస్తే ప్రతి మాట నెత్తినా పెన్సిలుతో తెలుగు అర్థం. మూడో పేజీలో పెన్సిలు ఆగిపోయింది.

"గింతకంటే పెద్దది ఉంటే ఇయ్యుండ్రి మేడం. జల్ది ఇంగ్లీష్ రావాలె," అంది.

"ఇది చదవడం కాదమ్మా, శిక్ష. ఎవరు వేశారు నీకు?" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఫ్రంట్ ఆఫీస్ పోస్టు, అంటే వచ్చిన రోగులతో, వాళ్ల బంధువులతో మాట్లాడే పని. దానికి ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. మొదటిసారి "నీ గురించి చెప్పు" అనగానే నోరు పెగల్లేదట. ఇంకో రెండు నెలల్లో మళ్లీ పిలుస్తారు.

"ఈసారి గూడ పోతే నేను పని నేర్పిన పోరి నాకు మేడం అయితది. గది నాతోని కాదు," అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ జారనివ్వలేదు. ఆ పిల్ల నాకు అక్కడే నచ్చింది.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకు నవల ఇవ్వడంలో నాదొక పద్ధతి. కౌంటర్ దగ్గరే నిలబెట్టి మొదటి పేజీ చదివిస్తాను. అర్థమైందా అని అడగను, పేజీ తిప్పబుద్ధవుతోందా అని అడుగుతాను. ప్రేమకథ ఇస్తే "గీ పిల్లకు పనీపాటా లేదా?" అని పక్కన పడేసింది. పిల్లల పుస్తకం ఇస్తే మొహం మాడ్చుకుంది. కొండ మీద బంగళా, టీలో విషం, యజమాని చావు. ఈ డిటెక్టివ్ నవలకు మాత్రం నేనడగకముందే పేజీ తిప్పింది. డిక్షనరీ ముట్టనని మాట తీసుకుని పంపాను.

మర్నాడే భగ్గున మండుతూ వచ్చింది. రెండో అధ్యాయం పైన ఎవరో పెన్సిలుతో రాశారు, వంటవాడే హంతకుడని! మా వ్యాపారంలో డ్యామేజ్డ్ కాపీ అంటే చిరిగిపోయింది ఒక్కటే కాదు, ఇదీ అదే. వేరే నవల ఇవ్వబోయాను.

"వద్దు మేడం. గా వంటోడు పాపం టీ పెట్టి అంగడికి పోయిండు. ఆని మీద ఎట్ల రాస్తరు? నేను సూస్త," అని అదే పుస్తకం లాక్కుంది.

ఇక రోజూ డ్యూటీ దిగి రావడం, వంటవాడి తరఫున వాదించడం. తెలియని మాట అడ్డొస్తే దాటేసి పోతోంది, తనకు కావలసింది సాక్ష్యం. ఒక బంద్ రోజు ఉద్యమం వాళ్లు షట్టరు పూర్తిగా దించమని వచ్చారు. "జర ఆగుండ్రన్నా. జై తెలంగాణ నేను గూడ అంటున్న. గీ ముచ్చట తేలనియ్యుండ్రి, మేమే మూసేస్తం," అంది. వాళ్లు నవ్వుకుంటూ ముందుకెళ్లారు.

కొన్నాళ్లకు నవల పూర్తి చేసి, గెలిచిన మొహంతో బల్ల మీద పెట్టింది. అదే సమయానికి కురియన్ గారు ఉన్నారు. నాగోల్‌లో ఉండే రిటైర్డ్ రైల్వే ఆఫీసరు, కేరళ ఆయన, తెలుగు ముక్క రాదు. అట్ట చూసి తాపీగా ఇంగ్లీషులో, "దీంట్లో రాసింది నేనే. జనానికి టైం మిగులుతుందని," అన్నారు.

స్వరూప గిర్రున తిరిగింది.

"నో సర్! కుక్ నాట్ కిల్లర్! ఇఫ్ కుక్ కిల్, ఫస్ట్ హి వాష్ ద కప్! వై హి లీవ్ ద కప్ దేర్?"

వంట తెలిసినవాడెవడూ విషం కలిపిన కప్పు కడగకుండా వదలడని ఆమె వాదన. ఆయన గొంతు పెంచారు, ఈమె ఇంకా పెంచింది. నవలలో ఇన్‌స్పెక్టరు వాడిన మాటలన్నీ ఆమె నోట్లోంచి వస్తుంటే నేను చెవులప్పగించి విన్నాను. చివరికి "సర్, యూ ఫినిష్డ్ ద బుక్?" అని నిలదీసింది.

కురియన్ గారు లేదని తల ఊపారు. హంతకుడు తెలిసిపోయాడు కదా అని సగంలోనే ఆపేశారట! ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆయన కేసు ఓడిపోయానని ఒప్పుకుని మరీ వెళ్లారు.

"ఇప్పటిదాకా మాట్లాడింది ఇంగ్లీషే, తెలుసా?" అన్నాను.

"నేనా?" అని కుర్చీలో కూలబడింది. నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

ఇంటర్వ్యూ రోజు సాయంత్రం పరుగున వచ్చింది. ఖాళీ సమయంలో ఏం చేస్తావని అడిగితే నవల చదివానని చెప్పి, కథ మొదలుపెట్టిందట. తప్పులు బోలెడు దొర్లాయట, అయినా ఆగలేదట. ఇంటర్వ్యూ చేసేవాళ్లలో మధ్యన కూర్చున్న పెద్ద డాక్టరు ముందుకు వంగి, ఇంతకీ హంతకుడెవరని అడిగారు.

"ఏం చెప్పావే?"

"పోస్టింగ్ ఇయ్యుండ్రి సర్, జాయిన్ అయిన నాడు చెప్త అన్న. ఇంగ్లీష్‌లనే అన్న మేడం!"

ఇచ్చారు. ఇంగ్లీషు కోసం నవల అడిగేవాళ్లకు పుస్తకం తేలికా బరువా అని నేనిప్పుడు చూడను. ఎవరి పక్షమో పట్టి చివరి పేజీ దాకా పోట్లాడించేది ఏదో వెతికి ఇస్తాను. మాటలు తడుముకోవడానికి పోట్లాటలో తీరికెక్కడిది?