పక్క గది వైపు మెడ

పక్క గదిలో పిల్లల నవ్వు వినపడితే చాలు, ఉమాకాంతం టీచరుకు పట్టపగలే కళ్లల్లో కారం కొట్టినట్టుండేది. నందిగామలోని ఆ బడిలో పందొమ్మిదేళ్లుగా ఒకటో తరగతి ఆవిడదే. ఊళ్లో సగం మంది ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకుని అఆలు దిద్దినవాళ్లే. అలాంటిది తొంభై ఎనిమిదిలో పిల్లలు ఎక్కువయ్యారని ఆ తరగతిని రెండు చేసి, సగం మందిని సంయుక్తకు అప్పగించారు. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చే ఇరవై మూడేళ్ల కొత్త టీచరు. కుర్చీ మూలకు నెట్టి, పిల్లల మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కథలు చెప్పేది.

"నేల మీద కూర్చుంటే చీరా మాస్తుంది, గౌరవమూ మాస్తుంది" అంది ఉమాకాంతం ఎదురింటి రత్తమ్మతో.

"మాసేది ఆ పిల్ల చీరేగా పంతులమ్మగారూ, ఉతుక్కునేది మీరు కాదుగా" అంది రత్తమ్మ.

ఉమాకాంతానికి మండిపోయింది. అసలు మంట చీర గురించి కాదు. ఒకప్పుడు ఆవిడ సంచీ మోయడానికి పిల్లలు గేటు దగ్గర కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు వాళ్లంతా బస్సు దిగే సంయుక్త దగ్గరికి పరిగెడుతున్నారు. ఉమాకాంతం సంచీ ఉమాకాంతం చేతిలోనే బడికి వస్తోంది.

దసరా సెలవులయ్యాక ఐదో తరగతి మేష్టారు బదిలీ మీద వెళ్లిపోయాడు. హెడ్‌మాస్టరు వరప్రసాదరావు ఇద్దరినీ పిలిచి, "ఒకటో తరగతి మళ్లీ కలిపేస్తున్నామండి. అది ఒకరికి, ఐదు ఇంకొకరికి. సోమవారం తేల్చేద్దాం" అన్నాడు.

ఉమాకాంతానికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి తెల్లకాగితం తీసి, సంయుక్త తరగతిలో క్రమశిక్షణ లేదని, పిల్లలు టీచరు ఒళ్లో కూర్చుంటున్నారని, పలక పట్టేవాడే లేడని గుండ్రటి అక్షరాలతో రాసింది. మధ్యాహ్నం ఆ కాగితం పట్టుకుని హెడ్‌మాస్టరు గదికి బయలుదేరింది.

వరండా మలుపులో గోడవతల తన క్లాసు పిల్లలే టీచరాట ఆడుతున్నారు. అరచేతులు కలిపి పంటలు వేస్తున్నారు.

"ముందు పండినోళ్లు సంయుక్త టీచరు. ఆఖరికి మిగిలినోళ్లు ఉమాకాంతం టీచరు" అంది నీహారిక.

దొంగాటలో మిగిలినవాడు దొంగ. ఇక్కడ ఆ దొంగ తానే. ఉమాకాంతం కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

నవీన్‌బాబు మిగిలాడు. "నేనుండను పో" అని మూతి ముడిచాడు.

"సర్లే, నేనుంటాలే. నాకా టీచరు బాగా వచ్చు" అని నీహారిక బోర్లించిన బకెట్టు మీద ఎక్కి కూర్చుంది. "అ, అమ్మ" అని మెడ పక్కకు సాచి చూసింది. "ఆ, ఆవు" అని మళ్లీ సాచింది. "ఎవర్రా మాట్లాడేది?" అని గద్దించి, మళ్లీ మెడ కొంగలా చాపింది.

"మాటిమాటికీ అట్టా చూస్తావేందే?" అన్నాడు నవీన్‌బాబు.

"టీచరు అట్టాగే చూస్తదిగా, కిటికీలోంచి పక్క క్లాసులోకి. ఆమెక్కూడా అక్కడికెళ్లి కూర్చోవాలని ఉందిరా. ఎవరూ రమ్మనలేదు, పాపం."

ఇన్నాళ్లూ ఉమాకాంతం కొంగు చాటున దాచుకున్నాననుకున్న కుళ్లును ఆరేళ్ల పిల్ల బకెట్టెక్కి ఊరందరికీ చూపించింది. పైగా తిట్టలేదు, జాలిపడింది. ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంది.

కాగితాన్ని మడిచి సంచీ అడుగున తోసింది. గంట కొట్టాక తన క్లాసును ఎక్కాలు వల్లెవేయమని, పక్క గది గుమ్మంలో నిలబడింది. సంయుక్త కంగారుగా లేవబోయింది.

"కూర్చో అమ్మా. నువ్వు చెప్పుకో, నేను వింటా" అని మోకాళ్లు పట్టుకుని నేల మీద చతికిలబడింది. పిల్లలు సర్దుకుని చోటిచ్చారు. కథ బాగానే ఉంది. అంత బాగుండకపోతే బాగుండుననిపించింది. పలకలు చూస్తే మాత్రం రాత కోడి కెలికినట్టుంది. ఆవిడ ప్రాణం కాస్త కుదుటపడింది.

సోమవారం హెడ్‌మాస్టరు అడిగితే, "ఒకటి నాకే ఇవ్వండి. కానీ రోజూ చివరి గంట ఈ అమ్మాయి వచ్చి కథ చెప్పాలి. ఆ గంట నేను ఐదో తరగతి దస్తూరీ చూస్తా" అంది ఉమాకాంతం. సంయుక్త సరేనంది.

కుళ్లు అంతటితో పోయిందా అంటే, ఎక్కడ పోతుంది? చివరి గంటలో ఒకటో తరగతి నుంచి నవ్వు వస్తే పక్క గదిలోకి మారిన ఐదో తరగతిలో ఆవిడ సుద్దముక్క విరిగేది. పది రోజులు చూసి, ఒక సాయంత్రం నీహారికను దగ్గరికి పిలిచింది.

"ఏమే, నేనింకా పక్క క్లాసులోకి చూస్తున్నానా?"

నీహారిక ఆవిడ మెడను కొలిచినట్టు చూసింది. "తగ్గింది టీచర్" అని, ఆవిడ సంచీ అందుకుని గేటు వైపు నడిచింది.