మా వదినకు మతి తప్పలేదు

మా వదిన పోయింది. బాగేపల్లిలో చెల్లెలి ఇంట్లో కొన్నాళ్ళుగా మంచం పట్టి ఉన్న మనిషి, పోయిన నెల ఒక మధ్యాహ్నం నాలుగు గుక్కల గంజి తాగి పడుకొని మళ్ళీ లేవలేదు. ఆ చెల్లెలు ఫోన్ చేసి "అక్క పోయిందప్పా" అని మాత్రం చెప్పి పెట్టేసింది. చింతామణి నుంచి బస్సులో పోయినంతసేపూ నాకు ఏడుపు రాలేదు. కర్మ నాడు వచ్చింది. భోజనాల దగ్గర మా అన్న పెద్దకొడుకు నలుగురికీ వినపడేలా చెబుతున్నాడు.

"కడాకు అమ్మకు మతి తప్పిందప్పా. అమ్మేసిన ఇంటి గురించే కలవరిస్తా ఉండె. పోయిందే మేలయింది."

విన్నవాళ్ళు తలలూపారు. నోట్లో వడ ఉన్నప్పుడు తల ఊపడం సులభం. అందుకే ఇది రాస్తున్నాను. కోపంతో రాస్తున్నానని మీకు తోస్తే, నిజమే.

చింతామణిలో మా అన్న ఇల్లు బండల మిద్దె. గోడల మీద పొడుగాటి రాతి బండలు పక్కపక్కన పరిచి, సందుల్లో గార పూసిన కప్పు. మా వైపు పాత ఇళ్ళు చాలావరకు అంతే. వేసవిలో చల్లగా ఉంటాయి, రెండు మూడు తరాలు నిలుస్తాయి. కానీ ఎండకు ఆ సందులు విచ్చుకుంటాయి. వానలకు ముందు ఏటా పూడ్చుకోవాలి. మా అన్న ఆ పని ఎన్నడూ పట్టించుకోలేదు. కొడుకులు మిద్దె ఎక్కేది గాలిపటాలకే. వదినే చీర చెంగు నడుముకు చుట్టుకొని, సిమెంటు తట్ట పట్టుకొని నిచ్చెన ఎక్కేది. బోరు నీళ్ళకు పైపుల్లో ఉప్పు పేరుకుంటే మనిషిని పిలిపించి, పని అయ్యేదాకా పక్కనే నిలబడేది.

నేను కింద కుర్చీలో పుస్తకం చదువుకుంటుంటే పైనుంచి అనేది: "బిడ్డలు పెద్దయ్యే కొద్దీ అడిగేది మానేస్తారప్పా. ఇల్లు ముసలిదయ్యే కొద్దీ ఎక్కువ అడుగుతాది."

ఎవరింటికి పోయినా ముందు గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేది. గుడిబండెలో మా బంధువు ఒకాయన కొత్త ఇంట్లో చేరినప్పుడు అందరూ పాలరాతి నేలను పొగుడుతున్నారు. వదిన స్నానాల గది తలుపు దగ్గర నిలబడి, "నేల ఈ పక్కకు వాలుగా ఉండాదే, నీళ్ళు యాడికి పోతాయప్పా?" అంది.

"శుభమా అని ఇంట్లో చేరినప్పుడు ఏం మాటలత్తా ఇవి? నీళ్ళు మీ ఇంటికే వస్తాయి, పట్టుకోండి!" అన్నాడాయన. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. ఆ స్నానాల గది నీళ్ళు ఇప్పుడు ఆయన పడకగది గోడలో ఉన్నాయి. ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కొనదలచినవాళ్ళు నన్నొకసారి కలిస్తే మంచిది.

అన్న పోయాక, మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వక, ఇల్లు అమ్మేద్దామని వదినే అంది. ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. ఒక్కటే షరతు పెట్టింది: కొనేవాళ్ళకు ఇల్లు వాన పడేటప్పుడే చూపించాలి.

బ్రోకరు పగలబడి నవ్వాడు. "మన సీమలో వానకు కాచుకొని ఇల్లు అమ్మాలంటే, నీ మనవడు వచ్చి సంతకం పెట్టాల్సిందేనమ్మా!"

"పెట్టనీ. ఎండాకాలంలో చూసి కొన్నోళ్ళు వానాకాలంలో నన్ను తిట్టుకోకూడదు."

ఆ ఏడు వాన రాలేదు. వదిన చెల్లెలి దగ్గరికి బాగేపల్లి పోయి ఉన్నప్పుడు కొడుకులిద్దరూ బ్రోకరుతో కూడి గోడలకు పుట్టీ పట్టించారు, రంగు వేయించారు. వంటింట్లో బండలు కనపడకుండా తెల్లటి సీలింగు బిగించారు. కెంచార్లహళ్ళి నుంచి వచ్చిన ఒక మేష్టరుకూ ఆయన భార్యకూ చూపించి మాట ఖాయం చేసుకున్నారు. "పార్టీ కుదిరింది, వచ్చి సంతకం పెట్టు" అని వదినను నేరుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పిలిపించారు. సాక్షి సంతకానికి నన్నూ పిలిచారు.

అక్కడ బల్ల ముందు కూర్చోగానే వదిన ఆ మేష్టరు భార్యను అడిగింది. "వంటింట్లో పైన చూసినారామ్మా?"

"చూసినామమ్మా. కొత్త సీలింగు, తెల్లగా బాగుండాది."

"సీలింగా?" వదిన కొడుకుల వైపు తిరిగింది. వాళ్ళు గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. "దాని పైన బండల సందులు విచ్చుకోని ఉండాయమ్మా. వానొస్తే కారతాది. మీకు చెప్పలేదా?"

పెద్దవాడు ఆఫీసరు వైపు వంగాడు. "సార్, అమ్మకు వయసైంది. మతి సరిగా లేదు. ఏదేదో మాట్లాడ్తాది, మీరు కానీండి."

ఆఫీసరు కలం కింద పెట్టాడు. "మతి సరిగా లేని మనిషి సంతకం నేనెట్ల తీసుకొనేదప్పా?"

"లేద్సార్, లేద్సార్, మతి బాగుండాది!" చిన్నవాడు అందుకున్నాడు.

"బాగుంటే ఆయమ్మ చెప్పేది వినండి. లేకపోతే కాగితాలు తీసుకొని ఇంటికి పోండి."

జీవితమంతా తర్కశాస్త్రం చదివాను. ఇద్దరి నోళ్ళు ఇంత చిన్న మాటతో మూయించిన వాదం ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. కానీ ఆ గెలుపులో వదినకు సంతోషం లేదు. మతి లేదన్న కొడుకు ముఖం కాసేపు చూసింది. లేచి, ఆ మేష్టరు భార్య చెయ్యి పట్టుకొని వరండాలోకి తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టుకుంది. వాన మొదలైతే వంటింట్లో కారే మూల నుంచి బియ్యం డబ్బా జరపాలనీ, సంపుకు వీధి వైపు బీట ఉందనీ, మోటారూ మిక్సీ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతుందనీ, వైర్లు మా అన్న వేయించినవే కాబట్టి అన్నీ మార్చుకోవాలనీ చెప్పింది. సందులు పూడ్చేటప్పుడు ముందు దుమ్ము ఊడ్చి తడపాలని చేతులు తిప్పుతూ చూపించింది. వంట నేర్పుతున్నంత ఓపికగా చెప్పింది.

వాళ్ళు ఆ రోజు కొనలేదు. సీలింగు పీకించి, పైకెక్కి అంతా చూసుకొని, ఆలోచించుకొని, మళ్ళీ వచ్చి కొన్నారు. వదిన సంతకం పెట్టింది. కొడుకులు మాత్రం ఆ అవమానాన్ని దిగమింగలేదు. బాగేపల్లికి రావడం మానేశారు. పెళ్ళిళ్ళలో, అంగళ్ళ దగ్గర, తల్లికి మతి చలించిందని చెప్పుకొచ్చారు. వాళ్ళ పరువు నిలబెట్టుకోవడానికి వాళ్ళకు దొరికింది తల్లి మతే. చెల్లెలి ద్వారా అది వదిన చెవిన పడింది. "నాకు మతి బాగుండాదని ఇంటింటికీ పోయి చెప్పుకోలేను గదప్పా," అంది ఒకసారి, నా వైపు చూడకుండా. ఆ చెప్పుకోలేనిది ఆమెకు బదులు నేను చెబుతున్నాను.

ఆఖరి రోజుల్లో ఒక సాయంత్రం నేను మంచం పక్కనే ఉన్నాను. చాలా కాలానికి పెద్దకొడుకు కూడా వచ్చాడు. బయట వాన మొదలైంది. వదిన కళ్ళు తెరిచి పైకి చూసింది.

"చింతామణిలో కూడా పడ్తాందేమో. ఆయమ్మకు ఫోన్ చెయ్యప్పా. బియ్యం డబ్బా ఆ మూల నుంచి జరపమను."

"చూస్తివా చిన్నాయనా?" అన్నాడు వాడు. వాడు కర్మ నాడు చెప్పిన కలవరింత ఇదే.

నేను ఫోన్ చేశాను. "ఈడ చినుకు కూడా లేదప్పా" అంది మేష్టరు భార్య. ఎవరు చెప్పమన్నారో చెప్పాను. "ఉండండి, ఫోను పెట్టేయొద్దండి" అంది.

నేను ఫోను వదిన చెవికి ఆనించాను. అక్కడ, ఎండిన ఇంట్లో, నిండు డబ్బా రాతి నేల మీద బరబరా జరుగుతున్న చప్పుడు నాక్కూడా వినిపించింది.