పోతమ్మ ఎత్తిన మొప్ప

మద్దిలపాలెం సందుల్లో ముప్పయ్యేళ్ళుగా చేపలమ్ముతున్న పోతమ్మ, మొప్ప ఎత్తి చూపించకుండా ఎవరికీ చేప ఇవ్వదు. ఎర్రగా ఉంటే తాజా, పాలిపోతే నిల్వ సరుకు. ఆ మాటలో ఆమెకు రాజీ లేదు.

కూతురు దేవి ఆఫీసు పనిమీద ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ వెళుతూ తల్లినీ తీసుకెళ్ళింది. బంగారు రేకులు తాపిన పాత మేడ కప్పు చూపించింది, నది చూపించింది. పోతమ్మ కాళ్ళు మాత్రం బజారులోని చేపల కొట్టు దగ్గరే ఆగాయి. ఐసు మీద పరిచిన చేపను అందుకుని బొటనవేలితో మొప్ప ఎత్తింది. తెల్లగా పాలిపోయి ఉంది. కొట్టువాడు కయ్యిమని లేచాడు.

“అమా, ఇక్కడ ముట్టుకోకూడదే! అందరూ సూత్తన్నారు,” అంది దేవి.

“సూడనీ. ముట్టుకోకండా కొనడానికి అదేటి దేవుడి పటమా? పాసిపోయిన సేప అమ్మినోడికి లేని సిగ్గు నాకేటి?”

చేపను ఐసు మీద పడేసి బయటికి నడిచింది.

మర్నాడు బస్సెక్కి కొండమీది పల్లెకు వెళ్ళారు. అక్కడొక భోజన హోటలు వెనక, తొట్టిలో చేపలు ఈదుతున్నాయి. పోతమ్మ నేరుగా అక్కడికే పోయింది. హోటలు ముసలావిడ ఆమె చూపు కనిపెట్టి నవ్వింది. ఒక చేపను పట్టి కొట్టి, అడక్కుండానే మొప్ప ఎత్తి చూపించింది. మందారంలా ఉంది.

“అమా, మంచుకొండల కాసి వచ్చి నిలబడు, ఫొటో తీత్తాను,” అంది దేవి.

“కొండలెక్కడికీ పోవు. ముందు ఈ మొప్పకి తియ్యి. కిందకి దిగేక ఆ కొట్టోడి మొకాన పెడదాం.”