నా బేస్ గొంతుకు అసలు యజమాని

మా చిన్నబాపు నర్సంపేట వైపు తిరిగే ప్రచార ఆటోలకు రికార్డింగులు చెప్పేవాడు. ఆయన మానేశాక, ఆయన వాడిన మైకు నాకొచ్చింది. రెండేళ్లుగా నా రీల్స్ విన్నవాళ్లంతా నా గొంతులో గంభీరమైన బేస్ ఉందంటున్నారు. దాన్ని ఇంకొంచెం పెంచుకుందామని, మైకు లోపలి భాగాలు మార్పిస్తే ఫాయిదా ఉంటుందా అని అడగడానికి ఈ రోజు హన్మకొండలో మైకులు బాగుచేసే అన్న దగ్గరికి పోయాను.

ఆయన మైకు ముందున్న ఇనుప జాలీ విప్పి, లోపలి స్పాంజిని స్క్రూడ్రైవర్‌తో పైకి లేపాడు. ఎర్రగా, వక్క ముక్కలతో సహా అట్టకట్టి ఉంది.

"మీ చిన్నబాపు పాన్ తింటడా తమ్మీ?"

"నోరు ఖాళీగ ఉండంగ నేనైతే సూడలేదన్నా."

"మరి నువ్వు దీనికి మూతి ఆనిచ్చే మాట్లాడుతవా?"

బయటికెళ్లి మూడుసార్లు మూతి కడుక్కున్నాను.

కొత్త స్పాంజి వేసి పరీక్షిస్తే స్పీకర్లోంచి మేకపిల్ల అరిచినట్టు వినిపించింది. అది నా గొంతేనట.

"ఇన్నొద్దులు ఇనిపించిన బేస్ నీది కాదు తమ్మీ, పాన్‌ది."

రేపు ఒక పెళ్లి వీడియోకు 'ఆ గంభీరమైన గొంతే' కావాలన్నారు. నాకొచ్చిన మొదటి పని. పాత స్పాంజి కవర్లో మూటకట్టి ఎదురుగా పెట్టుకున్నాను. మళ్లీ మైకులో పెట్టుకోమంటారా, పారెయ్యమంటారా? మీరు భోజనం చేశాకే సలహా ఇవ్వండి.