కొమ్మ లేని కొపేకా

పసిఫిక్ సముద్రం నడుమ అతియూ దీవిలో తెపోరి చెయ్యి పడని బట్ట లేదు. పెళ్లి గౌనైనా, చిరిగిన తెరచాపైనా, విప్పి చూసి తనంతట తానే నేర్చుకుంది. అయినా తివైవై దుప్పటికి కత్తెర పట్టమని ఆమెను ఎవరూ అడగలేదు. ఆ పని ముసలమ్మ తొకేరావుది. బట్టను మడతల మీద మడత పెట్టి, ఒకే కోతలో బొమ్మ తీయాలి. విప్పితే అంతా ఒక్క ముక్కగా రావాలి; దాన్నే ఇంకో బట్ట మీద పరిచి ఆడవాళ్లంతా కుడతారు. ఎక్కడైనా తెగిందా, బట్ట గోవిందా!

తొకేరావుకు చూపు పోయింది. ఒకనాడు కత్తెర తెచ్చి తెపోరి ఒళ్లో పెట్టింది.

"నా మనవరాలి పెళ్లి దుప్పటి నువ్వు కోయవే. కొపేకా పిట్టలు కావాలట. కుదిరితే కత్తెర నీదే."

తెపోరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కాగితం మీద మందారకొమ్మ గీసి, దాని నిండా పిట్టల్ని కూర్చోబెట్టి, ఆడవాళ్లు కుట్టుకునే చోటికి పరుగెత్తింది.

పక్కింటి న్గపారే కిసుక్కున నవ్వింది. "ఏం వదినా, నీ కొపేకాకి కాళ్లనొప్పులా? కొమ్మెక్కి కూర్చుంది!"

"గోరింకకి మసి పూసిందర్రా!" అంది ఇంకొకతె.

తెపోరి నాలుక కరుచుకుంది. నెత్తిమీద రోజూ పురుగుల వెంట తిరిగే పిట్టే. అది బయట ఎక్కడైనా వాలడం తానూ చూడలేదు. కానీ కొమ్మ తీసేస్తే పిట్టలన్నీ విడివిడి ముక్కలైపోతాయి. మరి వాటిని కలిపేదేమిటి?

కొపేకాలు గూళ్లు కట్టే గుహలోకి జనాన్ని తీసుకెళ్లే తమ్ముడు మరకాయిని పట్టుకుంది. చెప్పులు కోసే పగడపురాళ్లు దాటి లోపలికి దిగారు. అతను లైటు ఆర్పేశాడు.

"కదలకక్కా. విను."

టిక్ టిక్ టిక్. చెవి పక్కనుంచి గాలి దూసుకుపోయింది.

"ఆ చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తుంది. దాంతోనే పిట్ట దారి తెలుసుకుంటుంది. వెలుగులోకొస్తే టిక్కనదు."

"ఒరేయ్! చీకట్లో కుట్టు తడుముకున్నట్టేరా!" తెపోరి గొంతు గుహంతా మోగింది.

"మెల్లగా! గూళ్లున్నాయి."

లైటు వేస్తే నేల మీద ఒక పిల్ల కొపేకా కనిపించింది. తెపోరి దాన్ని వేలిమీద నిలబెట్టబోయింది. జారింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది.

"గోరింక కాదక్కా అది! ఆ కాళ్లకు కొమ్మ పట్టుకోవడం చేతకాదు." మరకాయి దాన్ని రాతిగోడకు ఆనించాడు. గోళ్లు కొక్కేల్లా తగులుకున్నాయి. పిట్ట వేలాడుతూ రెక్కలు సర్దుకుంది. పిడికెడు కూడా లేని మసిరంగు ఒళ్లు. రెక్కలు మాత్రం కొడవళ్లలా తోక దాటి పొడుచుకొచ్చాయి.

తెపోరి ముందుకు వంగింది. "ఎంత రెక్కరా! చాపితే పక్కపిట్టని అందుకోదూ?"

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మర్నాడు అందరి ముందూ నల్లబట్ట మడిచి కత్తెర దించింది. న్గపారే నవ్వడం మరిచిపోయింది. తెపోరి చివరి మడత విప్పింది.

ఒక్క ముక్క! రెక్కకొన రెక్కకొనను పట్టుకుని పిట్టలన్నీ గుండ్రంగా ఎగురుతున్నాయి. నడుమ గుహ నోరులాంటి ఖాళీ.

తొకేరావు అంచు వెంబడి వేలు పోనిచ్చింది. రెక్క, ఒళ్లు, రెక్క, మళ్లీ రెక్క. చుట్టూ తిరిగి మొదటికొచ్చింది.

"కొమ్మేదే?"

"లేదత్తా."

"ఎక్కడా వాలలేదూ!" అని ముసలామె పకపకా నవ్వింది. "ఇంకా చూస్తారేమర్రా? సూదులు తీయండి."

కత్తెర మాత్రం తిరిగి అడగలేదు.